మోటుముళ్ళ సంచి

డోర్కస్ మరో సీతాకోకచిలుక ప్యూపాను అరచేతిలోకి తీసుకుని నోటి ఆవిరి ఊదింది. బతికున్నదైతే ఆ వెచ్చదనానికి ఒళ్ళు కదుపుతుంది. కందిరీగ పిల్లలు లోపల తినేసినదైతే ఉలకదు, పలకదు. పైకి మాత్రం రెండూ ఒకేలా మెరుస్తాయి. బులోలో ఊళ్ళో కొండకింద, సీతాకోకచిలుకలు పెంచే ఈ రేకుల షెడ్డులో పదకొండేళ్ళుగా ఆమె పని ఇదే.

ఇవాళ పని సాగడం లేదు. దారిలో ఏ బండి మోత విన్నా గుమ్మందాకా వెళ్ళివస్తోంది.

"ఎన్నిసార్లు తిరుగుతావు వదినా? మా అన్న వచ్చే ట్రక్కు మధ్యాహ్నానికిగానీ రాదు" అంది ఎలిమా. డోర్కస్ భర్త యాలింగ్‌కు చెల్లెలు ఆమె. డోర్కస్ ఇల్లు విడిచి వచ్చిన రాత్రి, అతను తాగి విరిచిన మోచేతికి కట్టు కట్టింది కూడా ఎలిమానే.

యాలింగ్ తాగుడు మానేసి ఏడాదైంది. నదిలో బాప్తిస్మం తీసుకున్నాడు. గొంగళిపురుగు సీతాకోకచిలుక అయిందని పాస్టరుగారు ప్రసంగంలో అన్నారట, ఇక ఊరంతా అదే మాట. వింటే డోర్కస్‌కు ఒళ్ళు మండేది. గొంగళికి రెక్కలు మొలుస్తాయని కదా వీళ్ళ లెక్క! ఒకసారి చేయిజారి పగిలిన ప్యూపాలో ఆమె చూసింది. గొంగళీ లేదు, రెక్కలూ లేవు. అంతా జావ. ఆ జావైపోయిన రోజుల గురించి ఎవరూ ప్రసంగం చెయ్యరు.

యాలింగ్ ఒక్కడే వచ్చాడు. భార్యతో రాజీకి ఆనవాయితీగా తేవాల్సిన పందినీ, చుట్టాలనూ వెంటబెట్టుకు రాలేదు. అప్పుడే బయటికొచ్చిన సీతాకోకచిలుక ఆకుపచ్చ రెక్కలు ఆరేదాకా ఆమె కదలడానికి లేదు. వెనకటి యాలింగ్ అయితే తలుపు తన్నేవాడు. ఇతను మూడు గంటలు దుంగమీద కూర్చున్నాడు.

తరువాత బిలుం, అంటే నారతాడుతో ముడులు వేసి అల్లే సంచి, అందించాడు. ఆమె పెళ్ళికి ముందు అల్లుకున్నది. ఆ రాత్రి పెనుగులాటలో చిరిగి అతని ఇంట్లోనే ఉండిపోయింది.

"చిరిగినచోట నేనే అల్లాను" అన్నాడు తలవంచుకుని.

మగవాడు బిలుం అల్లితే ఆడవాళ్ళు నెలరోజులు నవ్వుకుంటారు. డోర్కస్‌కు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఇతను నిజంగానే మారాడు.

"ఇంటికి రా. నేను మారాను డోర్కస్."

"మారావు. నమ్ముతున్నాను. మరి నేనేమయ్యానో ఒక్కరైనా అడిగారా?"

అతను ఆమె వంకర మోచేతిని చూశాడు. "ఏమయ్యావు?"

"గడియ పెట్టకుండా నిద్రపోతున్నాను. నీ పక్కన అది నా వల్ల కాదు."

యాలింగ్ సంచిని గుమ్మం పక్క మేకుకు తగిలించి, ట్రక్కు హారన్ మోగితే వెళ్ళిపోయాడు. డోర్కస్ ఇంకో ప్యూపా తీసుకుని ఆవిరి ఊదింది. ఈసారి బండి మోత విన్నా లేవలేదు.

పొద్దువాలాక ఎలిమా సంచి దగ్గరికి వెళ్ళి, చిరిగినచోట వేసిన మోటుముళ్ళను ఒక్కొక్కటే లాగి చూసింది. ఒక్కటీ వీడలేదు.