సెలవు చీటీల్లో అమ్మ

చనిపోయి మూడేళ్లయిన తల్లిని కూతురు మళ్లీ మంచాన పడేసింది. తప్పు కూతురిదే. ఇందులో వాదించడానికేమీ లేదు, ఆ తీర్పు ఎప్పుడో అయిపోయింది.

ఆ సంగతి తండ్రికి తెలిసేసరికి ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన కాటాలు బాగుచేసే మేస్త్రీ. కొట్లలో కాటాలన్నీ అంకెలు చూపించే డబ్బాలైపోయాక ఆయనకు మిగిలింది కాలేజీల్లోని పాత త్రాసులే. అద్దాల పెట్టెలో ఉంటాయి అవి. ఊపిరి తగిలినా ముల్లు ఊగుతుంది. ఏడాదికోసారి వెళ్లి దుమ్ము దులిపి, మరలు తిప్పి, ముల్లు సున్నా మీద నిలిచేదాకా ఆయన లేవడు. కొట్ల పని ఉన్న రోజుల్లో "ముల్లు కాస్త ఇటు వంచవయ్యా, నీ మేలు మర్చిపోం" అని బతిమాలినవాళ్లు చాలామంది. ముప్పై ఏళ్లలో ఒక్కరికీ వంచలేదు. ఆయనకున్న గొప్ప అదొక్కటే. అది ఆయనకు తెలుసు, అడగనివాళ్లకు కూడా చెప్పేవాడు.

ఆ రోజు పని కూతురు చదివే కాలేజీలోనే పడింది.

"నెమ్మది మేస్త్రీ, ఆ త్రాసు నాకంటే ముందు ఉద్యోగంలో చేరింది" అన్నాడు ల్యాబ్ అటెండరు.

"నీకంటే బాగా పనిచేస్తోంది కూడా" అన్నాడు మేస్త్రీ తలెత్తకుండా.

అప్పుడే హెడ్ మేడం లోపలికొచ్చింది. ఫిజిక్స్ డిపార్ట్‌మెంటుకి ఆవిడే పెద్ద. కళ్లజోడు నెత్తి మీదకి తోసుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"మీరు మా థర్డ్ ఇయర్ అమ్మాయి నాన్నగారటగా? ఇప్పుడే చెప్పాడు అటెండరు. మీ ఆవిడకి ఎలా ఉందండీ?"

మేస్త్రీ చేతిలో పట్టకారు ఉంది. పట్టకారులో గోరంత తూకం రేకు ఉంది. అది జారలేదు.

"ఎవరికండీ?"

"మీ మిసెస్‌కి. పాపం, నాలుగు నెలలుగా అమ్మాయి ఒక్కతే చూసుకుంటోందిగా. ఇలాంటి పిల్లలు ఈ రోజుల్లో ఎక్కడున్నారు చెప్పండి!"

మేస్త్రీ తల వంచి రేకుని పళ్లెంలో పెట్టాడు. ఆ వంచిన తలని ఆవిడ దుఃఖం అనుకుంది. బీరువా తెరిచి ఒక ఫైలు, ఒక ఖాళీ ఫారం తెచ్చింది.

"అటెండెన్స్ బాగా పడిపోయిందండీ. ఇంట్లో ఎవరైనా జబ్బు పడితే మినహాయింపు ఉంది లెండి. మీరు ఈ ఫారం నింపి సంతకం పెడితే చాలు. రేపు మధ్యాహ్నం ఆఖరు. దాటితే హాల్ టికెట్ రాదు, ఏడాది పోతుంది. చీటీలు చూసుకోండి, ఏమేం రాసిందో మీకూ తెలియాలిగా."

చీటీలు పందొమ్మిది. దస్తూరీ కూతురిదే. గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా.

మొదటి చీటీలో మా అమ్మగారు మంచం మీది నుంచి లేవలేకపోతున్నారు అని ఉంది. నాలుగోదానికి వచ్చేసరికి దిండుకి ఆనుకుని కూర్చుంటున్నారు. ఎనిమిదోదాంట్లో మాట తేటపడింది, అయితే మందులు వేళకివ్వాలి. పదమూడోదాంట్లో గోడ పట్టుకుని నడుస్తున్నారు, పక్కన మనిషి అవసరం. ఆఖరి చీటీ పది రోజుల కిందటిది. "మా అమ్మగారు ఈరోజు ఎవరి సాయం లేకుండా మెట్లు దిగబోతున్నారు. నేను దగ్గర ఉండాలి. దయచేసి ఒక్కరోజు సెలవు ఇప్పించగలరు."

ఆ మెట్లు మేస్త్రీకి తెలుసు. ఇంటికి పద్దెనిమిది మెట్లు. భార్య జబ్బు పడ్డప్పుడు ముందు పోయింది మెట్లు దిగడమే. తర్వాత గోడ పట్టుకుని నడవడం పోయింది. తర్వాత మాటలో తేట. తర్వాత దిండుకి ఆనుకోవడం. నాలుగు నెలలూ ఆయన పక్కనే ఉండి చూసినదాన్ని కూతురు చివరి నుంచి మొదటికి రాసింది.

మేస్త్రీ త్రాసు ముల్లు సున్నా మీదకు తెచ్చాడు. అద్దం తలుపు మూశాడు. ఫారం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాడు.

కూతురు విమానం నడపడం నేర్చుకుంటోందన్న సంగతి ఆయనకు కొత్త కాదు. నగరం చివర ఫ్లయింగ్ క్లబ్బులో పోటీ పరీక్ష రాసి, మొదటి స్థానంలో వచ్చి, సీటు సంపాదించింది. అప్పుడు తండ్రి పెట్టిన షరతు ఒక్కటే. ఆదివారాలు, సెలవు రోజులు నీ ఇష్టం. ఒక్క క్లాసు తప్పినా విమానం ఊసెత్తకు. పిల్ల సరేనంది. ఇంట్లో గోడకి పెద్ద పటం అంటించుకుంది, దాని మీద దారం లాగి దూరాలు కొలుచుకునేది. కూరలు తరుగుతూ చెక్‌లిస్ట్ వల్లించేది. ఇంధనం, మీటలు, తలుపు, బెల్టు. మేస్త్రీ వింటూ ఉండేవాడు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

ఆ సాయంత్రం ఆమె వచ్చేసరికి ఫారం బల్ల మీద ఉంది, దాని మీద పావుకిలో రాయి ఉంది.

"ఏంటి నాన్నా ఇది?"

"మీ అమ్మ ఆరోగ్యం. మీ మేడం అడిగింది. ఇంట్లో మనిషిని, నాకే తెలియలేదు."

ఆమె సంచి దించకుండానే స్టూలు మీద కూర్చుంది.

"ఆదివారాలన్నీ పొగమంచే నాన్నా. ఆదివారం చూసుకుని గాలి అణుగుతుందా? బాగున్న రోజు ఏ రోజైతే ఆ రోజే ఎగరాలి. వరసగా మూడుసార్లు రాకపోతే సీటు ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు."

"నేనేం చెప్పాను?"

"క్లాసు తప్పితే విమానం ఊసెత్తొద్దన్నావు. అందుకే ఎత్తలేదు."

"నోరుంది కదా అని! మేడంకి ఉన్నది ఉన్నట్టు చెప్పి చావకపోయావా?"

"చెప్తే ఆవిడ ముందు ఫోన్ చేసేది నీకే."

"పోనీ జబ్బు నీకని రాసుకో. నీ జబ్బు నీ ఇష్టం."

"నాకని రాయకూడదు నాన్నా. పైలట్‌కి ఒంట్లో ఏమీ లేదని డాక్టరు రాసివ్వాలి, అదీ మళ్లీ మళ్లీ. నాలుగు నెలల్లో పందొమ్మిది సార్లు పడకేశానని నా చేత్తో నేనే రాసుకుంటే, రేపెవరైనా చూస్తే, విమానం ఇస్తారా నాకు?"

"అయితే నాకని రాయి."

"నువ్వెప్పుడు చూసినా ఏదో ఒక కాలేజీలో త్రాసు ముందే ఉంటావు. నిన్ను చూసి జబ్బు మనిషని ఎవరు నమ్ముతారు?" ఆమె సంచి పట్టీని వేలికి చుట్టుకుంది. "మిగిలింది అమ్మేగా."

ఆ లెక్కలో తప్పు లేదు. మేస్త్రీకి ఒళ్లు మండింది అందుకే.

"సిగ్గు లేదటే? పోయిన మనిషిని తెచ్చి మళ్లీ పడుకోబెట్టావు."

"పడుకోబెట్టింది ఒక్కసారే. రెండో చీటీ రాయబోతే జబ్బు పెంచడానికి చెయ్యి రాలేదు. అందుకని కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చాను."

"మెట్లు దిగిందట."

"ఆ రోజు నేను ఒక్కదాన్నే ఎగిరాను నాన్నా. మొదటిసారి. రెండు చుట్లు తిరిగొచ్చాక నేర్పే సార్ దిగిపోయి, తలుపేసి, ఇక నువ్వే వెళ్లు అన్నారు. నీకు చెప్పలేను కదా. ఎవరికో ఒకరికి చెప్పాలి, చీటీలో రాశాను." ఆమె గొంతు తేలిక పడింది, మొహంలోకి వెలుగొచ్చింది. "నువ్వైతే నవ్వేవాడివి. సార్ బరువు లేదు కదా, నేననుకున్న చోటు రాకముందే నేల వదిలేసింది. రాయి తీసేసిన పళ్లెం చూడు, అలా లేచింది. చూస్తే పక్క సీటు ఖాళీ."

"పక్క సీటు ఖాళీ అయితే ఎలా ఉంటుందో నాకు చెప్పకు."

ఆమె తలదించుకుంది. గోడ మీది పటం ఫ్యాను గాలికి కొట్టుకుంటోంది. లేచి దాని మూల ఒత్తి అంటించి, ఇటు తిరక్కుండానే అంది.

"అమ్మ మంచాన ఉన్నప్పుడు నన్ను ఒక్కరోజు ఇంట్లో ఉండనివ్వలేదు నువ్వు. నాలుగు నెలల్లో ఒక్క రోజు. అప్పుడు పెట్టని సెలవులే ఇవి. అమ్మ పేరు మీద నాకు రావలసినవే."

మేస్త్రీ బల్ల మీది రాయి తీసి చేతిలో పట్టుకున్నాడు. ఏం చెయ్యాలో తెలియక మళ్లీ అక్కడే పెట్టాడు.

అది నిజం. భార్య పోయిన రోజు పొద్దున పిల్ల చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి "ఇవాళ ఉండిపోనా నాన్నా" అంది. పరీక్షలు దగ్గర పెట్టుకుని ఉండిపోవడమేంటి, నేను లేనా, కాలేజీకి పో అన్నాడు. పోయింది. పదకొండింటికి భార్య కళ్లు తెరిచి "పిల్లేదీ" అంది. ఆవిడ ఆఖరున అన్నది అదే. ఆ మాట ఆయన కూతురికి ఇంతవరకూ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు.

"రేపు ఫారంలో నిజం రాస్తాను" అన్నాడు.

"రాయి. వద్దనను."

"నువ్వు వద్దన్నా రాస్తాను."

మర్నాడు హెడ్ మేడం గది బయట బెంచీ మీద కూర్చుని, ఫారం మోకాలి మీద పెట్టుకుని రాశాడు. రోగితో సంబంధం: భర్త. జబ్బు ఏమిటి: డాక్టర్లు అప్పట్లో చెప్పిన పేరే రాశాడు, అక్షరాలు గుర్తున్నాయి. ఎంతకాలం: నాలుగు నెలలు. రోగి దగ్గర విద్యార్థి ఉండవలసిన అవసరం ఉన్నదా: ఇక్కడ కలం చాలాసేపు ఆగింది. పక్క క్లాసులో ఏదో పీరియడ్ అయిపోయి ఇంకోటి మొదలైంది. పిల్లలు బిలబిలమని పోయారు, వచ్చారు. చివరికి ఒక్క మాట రాశాడు. ఉండేది.

ఆఖరి గడి. రోగి పరిస్థితి, ప్రస్తుతం. దానికి ఆలోచించనక్కర్లేదు.

లేదు.

సంతకం పెట్టి లోపలికి వెళ్లాడు. ఎలా చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాడు. ఆవిడ చదువుతుంది, ఇదేంటండీ అంటుంది, మనిషి లేదండీ, మూడేళ్లయింది అంటాడు. పిల్ల అబద్ధం రాసింది, మీ రూల్ ఏదో అది చెయ్యండి అంటాడు. అంతే. బతిమాలేది లేదు.

హెడ్ మేడం కళ్లజోడు కిందికి దించుకుని చదివింది. వేలు గడి గడికీ ఆగుతూ వెళ్లింది.

"నాలుగు నెలలు... అవును. అవసరం... ఉండేది. ప్రస్తుతం..." ఆవిడ వేలు అక్కడ ఆగింది. తలెత్తి మేస్త్రీ మొహంలోకి చూసింది. చూసి, నవ్వింది.

"లేదు! జబ్బు లేదన్నమాట. హమ్మయ్య. ఎంత మంచి మాట చెప్పారండీ!"

ఆవిడ అడిగితే చెబుదామని వచ్చాడాయన. ఆవిడ అడగలేదు. సొరుగు లాగి ముద్ర తీసింది, సిరా మెత్త మూత తీసింది, ముద్ర దాని మీద రెండుసార్లు అద్దింది. మనిషి లేదండీ. రెండే మాటలు. వాటికి సరిపడా వ్యవధి ఉంది. మేస్త్రీ నిలబడి ఉన్నాడు. ముద్ర కాగితం మీద పడింది.

"మీ ఆవిడని అడిగానని చెప్పండి" అంది మేడం.

"అలాగేనండీ" అన్నాడు మేస్త్రీ.

ఆ ఒక్క మాటా అనకపోయినా సరిపోయేది.

ఫారం ఫైల్లోకి, ఫైలు బీరువాలోకి వెళ్లాయి. తాళం పడింది. ఆ బీరువాలో ఆయన భార్యకు పూర్తిగా నయమైపోయింది. బయటికొస్తుంటే ల్యాబ్ గుమ్మంలో అటెండరు పలకరించాడు. "మేస్త్రీ, నిన్న మీరు సరిచేసిన త్రాసు భలేగా నిలబడిందండీ, వెంట్రుకవాసి తేడా లేదు!" మేస్త్రీ వినిపించుకోనట్టు మెట్లు దిగిపోయాడు.

కూతురు ఆ సాయంత్రం పద్దెనిమిది మెట్లూ రెండేసి చొప్పున ఎక్కి వచ్చింది. చేతిలో హాల్ టికెట్ ఉంది. సంతోషం కాదు, అయోమయం ఆ మొహంలో.

"నిజం రాస్తానన్నావుగా?"

"రాశాను."

"మొత్తం?"

"ప్రతి గడీ."

"మరి ఇదెలా ఇచ్చారు? మేడం ఏమో అమ్మకి తగ్గినందుకు సంతోషం అంటున్నారు. నాన్నా, ఏం రాశావు నువ్వు?"

మేస్త్రీ పాత గుడ్డతో తూకం రాళ్లు తుడుస్తున్నాడు. ఒక్కొక్కటీ తుడిచి పెట్టెలో దాని గుంటలో దాన్ని పెడుతున్నాడు. తుడిచినదాన్నే మళ్లీ తుడిచాడు.

"రేపు గాలెలా ఉంటుందట?" అన్నాడు.

ఆమెకి ఒక క్షణం అర్థం కాలేదు. "బాగుంటుందట" అంది మెల్లగా. "కానీ రేపు క్లాసుంది."

"క్లాసుకి పో. ఇంకొక్క చీటీ రాశావంటే ఊరుకోను."

"సరే. కానీ ఫారంలో..."

"చూడమ్మాయ్." పెట్టె మూత వేసి, గొళ్లెం పెట్టాడు. "తప్పు నీది. నాతో కూడా చేయించావు. దీన్ని నేను మర్చిపోను, నువ్వు బతిమాలినా మర్చిపోను. ఆ ఫారం మాట ఇవాళ్టితో సరి. ఎప్పుడు అడిగినా, ఎవరు అడిగినా, ఇక నా నోట రాదు."