వేరే గ్రహం జీవి మనసు

1983 వేసవిలో, పెనుకొండ పోస్టాఫీసు గుమాస్తా ఖలందర్‌కు ఒక వారపత్రిక నుంచి జాబు వచ్చింది. అతను పంపిన కథలో వేరే గ్రహం నుంచి దిగిన జీవి ఉంది. అది అచ్చం పక్కింటాయనలాగే కోపగించుకుంటోందనీ, జాలిపడుతోందనీ, పది రోజుల్లో తిరగరాస్తే వేస్తామనీ సంపాదకుడు రాశాడు.

నాలుగు రోజులు ఖలందర్‌కు అన్నం సహించలేదు. జీవికి మూడు కళ్లు పెట్టాడు, రంగు మార్చాడు. నోరు తెరిస్తే మాత్రం తన పోస్టుమాస్టరే మాట్లాడుతున్నట్టుంది. ఐదో రోజు సెలవు పెట్టి, పరిగిలో అక్క ఖైరున్‌బీ ఇంటికి వెళ్లాడు.

మొగుడు పోయాక ఆమెకు పట్టుపురుగులే ఆధారం. అవి గూళ్లు కట్టడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. సాయం చేద్దామని ఖలందర్ మల్బరీ ఆకు కోసి, తన తువ్వాల్లో మూటగట్టి తెచ్చి, వాకిలి పక్కనున్న పురుగుల తట్టలో పరిచాడు.

గంటకల్లా ఆ తట్టలో పురుగులు మేయడం మానేశాయి. తలలు పైకెత్తి ఊపుతూ నీళ్లు కక్కసాగాయి.

ఖైరున్‌బీ తువ్వాలు వాసన చూసింది. "దీంట్లో బీడీలు పెట్టుకోనుంటివా?"

ఖలందర్ తలూపాడు.

"పొగాకు వాటికి విషమప్పా."

మిగతా తట్టలన్నీ ఆమె ఒక్కతే వెనక వసారాలోకి మార్చింది. ఖలందర్ మోచేతుల దాకా రుద్ది కడుక్కున్నా గడప దాటడానికి జంకాడు. సాయంత్రానికి ఆ తట్ట మొత్తం చచ్చింది. మిగిలినవి మేస్తున్న చప్పుడు వినబడుతుందా లేదా అని ఆమె చెవొగ్గి కూర్చుంది. అవి ఏమనుకుంటాయో నీకెట్లా తెలుస్తుందని అతను బయటి నుంచే అడిగాడు.

"అనుకునేది నాకేం తెలుసు? ఏం తింటాయో, దేనికి బెదురుతాయో అదే తెలుసు. దాన్ని చూసుకుంటానే భయపడతాండా."

మర్నాడు ఖలందర్ కథ మొత్తం మార్చాడు. ఇప్పుడు జీవి మాట్లాడదు. ఎండకు సొమ్మసిల్లిందనుకుని ఒక రైతు దాని మీద నీళ్లు పోస్తాడు. ఆ నీళ్లకే అది ముడుచుకుపోయి చస్తుంది. గడువు చివరి రోజున దాన్ని టపాలో వేశాడు.

మిగిలిన పురుగులు గూళ్లు కట్టాయి. మూడు నెలలకు కథ అచ్చయింది. అక్క నష్టాన్ని కథ చేసుకున్నానని బెరుకు పడుతూనే ఖలందర్ ఆమెకు చదివి వినిపించాడు. నా మీద కోపముందా అక్కా అని అడిగాడు.

"ఉండాది," అంది ఖైరున్‌బీ. "ఆయప్ప నీళ్లు పోసేది, ఆడ మళ్లా సదువు."