ముందు వేయాల్సింది కళ్లే

మా ఆయన పొద్దున్నే గొంతు గీరి ఊసింది వాష్‌బేసిన్ జాలీలో చిక్కుకుని ఉంటుంది. చీపురుపుల్లతో దాన్ని లోపలికి తోసి, మగ్గుతో నీళ్లు కుమ్మరించి, ఆ చేతినే సబ్బుతో రుద్దుకుని దోసెల పిండి కలుపుతాను. పెళ్లయిన కొత్తలో కడుపులో దేవేది. ఇప్పుడు దేవదు. దేవకపోవడమే నాకు ఎక్కువ అసహ్యం. కంచంలో నమిలి ఉమ్మిన మునక్కాయ పిప్పి, టీవీ చూస్తూ కత్తిరించుకుని సోఫా సందులో వదిలేసిన గోళ్లు, స్నానాల గదిలో తూముకు చుట్టుకున్న వెంట్రుకలు. ఒక మనిషి ఒంట్లోంచి రాలినవన్నీ ఇంకో మనిషి ఎత్తాలని ఎవరు చెప్పారో తెలియదు గానీ, ఎత్తే మనిషిని నేనేనని మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యి, మా ఆయన గుణశేఖర్ గురక మొదలుపెట్టాక, వెనక వరండాలో చాప వేసుకుంటాను. గాంధీరోడ్డులో దేవుడి పటాలు కట్టే అంగడివాళ్లు మిగిలిన గాజు ముక్కలకు అంచులు అరగదీసి ఇస్తారు. ఒక ముక్కను మెత్తటి గుడ్డతో తుడిచి వెలుతురుకు పట్టి చూస్తే దానిమీద ఏమీ ఉండదు. ఎవరి ఎంగిలీ ఉండదు. ఆ ఒక్క క్షణానికే నాకు ప్రాణం లేచొస్తుంది.

గాజు మీద బొమ్మలేసే ఈ పని నేర్పింది మా అమ్మాయి రూపశ్రీ. వేలూరులో నర్సింగు చదువుతోంది. పోయిన వేసవి సెలవుల్లో ఫోనులో జపాను వాళ్ల అనిమే బొమ్మల కథలు చూస్తూ, "అమ్మా, ఈ పిల్లోళ్లని గాజు మీద వేస్తారంట, సూడు. ముగ్గులేసి నీకు చెయ్యి బాగా తిరిగుండాది గదా" అంది. అది హాస్టలుకు వెళ్లిపోయింది. బొమ్మలు నాకు మిగిలాయి.

కాగితం మీద అయితే ముందు ముఖం వేస్తాం, కంట్లో మెరుపు చివర పెడతాం. గాజుకు వెనకవైపు వేసి ముందువైపు నుంచి చూస్తాం కాబట్టి పైకి కనబడేదే మొదట పడాలి. కంట్లో తెల్లచుక్క, రెప్పల గీతలు, తర్వాత నల్లగుడ్డు, దాని వెనక బుగ్గల ఎరుపు, ఒంటి రంగు, అన్నిటికంటే చివర ఆకాశం. వేస్తున్నంతసేపూ రంగులు మెత్తినట్టే ఉంటుంది. తిప్పి చూస్తే నీలం జుట్టు పిల్ల ఒకతి గొడుగు భుజాన వేసుకుని నిలబడి ఉంటుంది. వాళ్ల ముఖాల్లో సగం కళ్లే. ఎవరినైనా సూటిగా చూస్తారు. తల వంచుకోమని గానీ, పైట సర్దుకోమని గానీ వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

"ఏందే ఈ గుడ్లగూబ మొహాలు" అంటాడు గుణశేఖర్ లేచి కాఫీ కోసం వచ్చినప్పుడు. "పెండ్లీడు బిడ్డ ఉండాది, నువ్వు సిన్నపిల్ల మాదిరి బొమ్మలేసుకుంటాండావు."

మా అత్త వరలక్ష్మమ్మ ఆయన్ని సముదాయిస్తుంది. "పోనీలేరా. ఇరుగమ్మ పొరుగమ్మ దగ్గరికి పోయి మన ఇంటి సంగతులు సెప్పకుండా కూసోనుంటాది గదా."

ఇంటి సంగతులు నేనెవరికీ చెప్పలేదు. ఒక్కసారి మాత్రం గుణశేఖర్‌కే చెప్పాను.

మా మామ తిరుమలయ్య భజన గురువు. వెంకటేశ్వరస్వామికి మొక్కే పెరటాసి నెల శనివారాల్లో ఆయన చిడతలు పట్టుకుని గోవిందనామం ఎత్తుకుంటే వీధి వీధంతా వెనక నడిచేది. ఆడవాళ్లు కొంగు కప్పుకుని కాళ్లకు మొక్కేవాళ్లు. అదే మనిషికి నేను కాఫీ తీసుకెళ్తే గ్లాసును కాక, గ్లాసుతోపాటు నా వేళ్లను పట్టుకునేవాడు. వెంటనే వదిలేవాడు కాదు. వంటింటి నడవలో నేను బిందె ఎత్తుకుని వస్తుంటే ఆయనకు సరిగ్గా అప్పుడే ఎదురుగా పని పడేది. పెళ్లయిన ఏడాదే గుణశేఖర్‌కు చెబితే నవ్వాడు. "నాయనకు సూపు ఆనదే. గ్లాసనుకోని పట్టుకోనుంటాడు." చూపు ఆనని ఆ మనిషే పేపర్లో సన్న అక్షరాలు కళ్లజోడు లేకుండా చదివేవాడు. చివర్లో మంచాన పడ్డాక ఒళ్లు తుడిచింది నేనే, పక్క మార్చింది నేనే. నోట మాట పోయింది గానీ, తుడవడానికి వంగితే ఆ చెయ్యి మాత్రం లేచేది.

పోయాక ఆయన పటం హాల్లోకి ఎక్కింది. శుక్రవారం తడిగుడ్డతో ఆ ముఖం తుడిచి నుదుట బొట్టు పెట్టడం కోడలి పని అన్నారు. పెడుతూనే ఉన్నాను. నా వేలికీ ఆ నుదురుకీ మధ్య గాజు ఉంది గదా అనుకునేదాన్ని.

ఈ ఏడు పెరటాసి నెల దగ్గర పడుతుండగా గుణశేఖర్ ఆటోలో పెద్ద గాజు పలక తెచ్చాడు. దాన్ని నా చాప మీద పెట్టి, పక్కన ఫోటో పెట్టాడు. స్టూడియోలో పెద్దది చేయించిన ఫోటో. మామ నడుం దాకా, రెండు చేతుల్లో చిడతలు.

"నాయన బొమ్మ వెయ్యి. మూడో శనివారం భజన మందిరంలో పెడతారు. మందిరం పెద్ద ఎల్లప్పకు మాటిచ్చినా, మా ఇంటామే వేస్తాదని. నీ యవ్వారం కూడా ఒక మంచి పనికి వచ్చినట్లుంటాది."

ఫోటోను గాజు కింద పెట్టి కూర్చున్నాను. కళ్లతో మొదలుపెట్టాలి. తప్పించుకోవడానికి గాజు మీద దారి లేదు, ఆకాశంతోనో చొక్కాతోనో మొదలుపెట్టే వీలు లేదు. సన్న కుంచెతో ఒక కంట్లో తెల్లచుక్క పెట్టాను. రెప్పల గీతలు గీశాను. రెండో కన్ను కూడా వేస్తే ఆయన నన్ను చూస్తాడు. ఆ తర్వాత వేళ్లు. ఒక్కొక్క కణుపూ, గోరూ దగ్గరగా వంగి దిద్దాలి.  ఏళ్ల తర్వాత కడుపులో దేవింది. గుడ్డతో తుడిస్తే ఆ కన్ను చెరిగి నా బొటనవేలికి అంటుకుంది. పంపు కింద పెట్టి చర్మం ఎర్రబడేదాకా రుద్దాను.

ఆ తర్వాత నా బొమ్మల పిల్లల్ని వేద్దామన్నా కుదరలేదు. ఏ ముక్క తీసినా కింద ఆయన ఉన్నట్టే అనిపించింది. ఇల్లంతా వాళ్లది. కడిగేదాన్ని నేను. ఎవరూ ఉమ్మని చోటు నాకు ఆ చాప ఒక్కటే ఉండేది. ఇప్పుడు దానిమీదా చిడతలు పట్టుకుని ఆయనే కూర్చున్నాడు.

మూడో శనివారం ఇంకా వారం ఉందనగా గుణశేఖర్ వరండాలోకి వచ్చి పలకను ఎత్తి చూశాడు.

"ఒక గీత కూడా పడలేదే. ఆ పనికిమాలిన పిల్లోళ్లకైతే చెయ్యి ఆడతాదా?" నేను పూర్తిచేసి గోడకు ఆనించిన బొమ్మల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి చంకలో పెట్టుకున్నాడు. గాజు మీద గాజు గీరుకున్న చప్పుడుకు నా పళ్లు జివ్వుమన్నాయి. "నాయన బొమ్మ అయ్యేదాకా ఇవి అటక మీదే. అందురూ అడగతాండారు. నా మర్యాదేం గావాల?"

గడపలో కూర్చుని చేటలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్త తల ఎత్తలేదు.

"గుణా, అంగట్లో ఎవురి చేతన్నా వేయించుకోరాదా. ఆ సేతులు ఆ బిడ్డ చేత ఎందుకు రాయిస్తావు?"

"ఏ సేతులు మా?"

"ఏం లేదులే" అంది అత్త గబగబా ఇంకో కాయ తీసుకుని. "దానికి కండ్లు నొస్తాయి. అంతే."

ఆమె జాలితోనే అంది. ఆ జాలికే నాకు ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లూ ఆమెకు తెలుసు. పీట మీద ఊరికే కూర్చుని, "లోకేశ్వరీ, మీ మామకు కాఫీ ఇచ్చి రా పో" అన్న ప్రతిసారీ తెలుసు. నడవలో ఆయన నాకు ఎదురొస్తే పూజగది తలుపు మెల్లగా దగ్గరకు వేసుకున్నప్పుడూ తెలుసు. మంచాన పడ్డ మొగుడి ఒళ్లు తుడవడానికి నడుం నొప్పి అన్నప్పుడూ తెలుసు.

"నేను వెయ్యను" అన్నాను.

గుణశేఖర్ నావైపు తిరిగాడు. "ఎందుకు వెయ్యవు?"

నేను లేచి వెళ్లి ఆయన చంకలోంచి నా బొమ్మలు తీసుకున్నాను. ఆయన ఇవ్వనని పట్టుకోలేదు, గాజు పగిలి చెయ్యి తెగుతుందని భయం. పలక కింది ఫోటో తీసుకెళ్లి అత్త చేటలో, చిక్కుడుకాయల మీద, ముఖం పైకి పెట్టాను.

"మీ అమ్మను అడగండి."

వరండాలోకి వెళ్లి తలుపు వేసి గడియ పెట్టాను. చాప మీద కూర్చుని చిన్న ముక్క ఒకటి తుడిచాను. అవతల గుణశేఖర్ రెండుసార్లు "ఏంది మా?" అన్నాడు. చిక్కుడుకాయలు తుంచే చప్పుడు ఆగిపోయింది.

ఆ తర్వాత అత్త గొంతు వినిపించింది. ఎప్పుడూ లేనంత మామూలుగా ఉంది.

"మా సెల్లెలు మన ఇంటి గడప తొక్కేది ఎందుకు మానేసిందో నీకు తెలుసునా గుణా?"

నేను గడియ తీయలేదు.