చెయ్యి మీద చెయ్యి

చేపల బజారులో ఆఖరి జెల్ల చేపను కోసి ఇచ్చి, కత్తిపీట కడిగి, చేతులకు చింతపండు పిప్పి రుద్దుకుని, లక్ష్మీదుర్గ ప్రతి ఉదయం ఎనిమిదీ పదికి యానాం నుంచి వచ్చే బస్సు ఎక్కేది. సీటు దొరికిన రోజు నిద్రపోయేది. దొరకని రోజు కడ్డీ పట్టుకుని నిలబడే నిద్రపోయేది. లాకుల దగ్గర కండక్టరే పిలిచి దింపేవాడు. పదకొండు నెలలుగా ఇదే వరస.

ఆమె దిగే చోట కాలువ గట్టు మీద ఒక పెంకుటి బంగళా ఉంది. సరుకు పడవలు తిరిగిన కాలంలో లాకు తలుపులు తీయించే అధికారి కోసం దాన్ని కట్టారు. ఎప్పుడు కట్టారన్న దానికి 1890 అనేవారూ ఉన్నారు, 1902 అనేవారూ ఉన్నారు. శిలాఫలకం మీద అంకెలు అరిగిపోయాయి కాబట్టి ఇద్దరి మాటకూ ఆధారం లేదు. ఇప్పుడది ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడి. పదిహేడుమంది పిల్లలు, ఒక టీచరు, శిక్షణలో ఉన్న ఒక సహాయకురాలు. ఆ సహాయకురాలే లక్ష్మీదుర్గ. ఏడాది పాటు టీచరు పక్కన పనిచేసి, చివర ఒక పిల్లకు ఒక పని సొంతంగా నేర్పి చూపిస్తే ఆమెకు సర్టిఫికెట్టు, ఆ వెంటనే ఉద్యోగం.

బడికి రాగానే ఆమె మొదటి పని బేబి టీచర్ గారి కుచ్చిళ్ళకు పిన్ను పెట్టడం. రెండోది, ఆవిడ జడ అల్లడం. మధ్యాహ్నం పిల్లలకు వడ్డించాక, ఆవిడకు అన్నం కలిపి తినిపించడం మూడోది. బేబి గారికి రోగమేమీ లేదు. ఆ బడిలో పిల్ల వెనక కూర్చుని, చెయ్యి మీద చెయ్యి వేసి పని నేర్పుతారు. మొదట వేళ్ళు పట్టుకుంటారు, తరవాత మణికట్టు, తరవాత మోచెయ్యి, చివరికి ఏమీ పట్టుకోరు. పిల్లకు ఆ పని వచ్చిన రోజున అది నేర్పిన చేతిని విడిచి పోతుంది. హాజరు పట్టీలో పిల్ల పేరు పక్కన ‘నేర్చినది’ అని ఒక గడి, దాని పక్కన ‘విడిచినది’ అని ఇంకో గడి ఉండేవి. బేబి, బొత్తాలు, 1996. బేబి, ముడి వేయుట, 1999. బేబి, అన్నం తినుట, 2004. అంతకు ముందరి పట్టీలు చెదలు తిన్నాయి కనుక ఈ పద్ధతి ఎప్పుడు మొదలైందో తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు. లూథరన్ చర్చిలో ఆదివారం పూట బేబి గారి పాటల పుస్తకం పేజీలు పక్కావిడ తిప్పేది, పాట మాత్రం అందరికంటే గట్టిగా ఆవిడే పాడేది.

లక్ష్మీదుర్గ వంతుకు వచ్చిన పిల్ల పేరు వినీల. తొమ్మిదేళ్ళది. మాట రాదు, వేళ్ళు చెప్పినట్టు వినవు. తల్లి ఆశాజ్యోతి వరి పొలాల్లో కూలి పని చేసేది. సెలవు రోజుల్లో మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తుకొచ్చి పిల్ల నోట్లో అన్నం పెట్టాలి గనుక, దూరం పొలాలకు వెళ్ళే నాట్ల ముఠాలు ఆమెను పిలవడం మానేశాయి.

“దీనికి అన్నం తినడం నేర్పు,” అంది బేబి టీచర్ నాలుగో నెలలో.

“అన్నమేనా అండీ? బొత్తాలు పెట్టుకోడం నేర్పితే చాలదాండీ?”

“ఆకలేస్తే బొత్తాలు తింటదా?”

“మరి నాకండీ?”

“నాకు నువ్వు పెట్టట్లేదూ? నీకూ ఎవరో ఒకరు పెడతారులే.”

ఎవరో ఒకరు అన్న మాట లక్ష్మీదుర్గకు నచ్చలేదు. నాలుగో ఏటనే తల్లి పోయి, అప్పటినుంచి తన కంచం తానే పెట్టుకుని తిన్న మనిషి ఆమె. వారం రోజులు ఆలోచించి ఒక ఉపాయం పన్నింది. తినే చెయ్యి కుడిచెయ్యి. కాబట్టి వినీల కుడిచేతి మీద తన ఎడంచెయ్యి వేసింది. పిల్లకు పని వస్తే రావాలి, తన కుడిచెయ్యి మాత్రం తనకే మిగలాలి.

ఏడు నెలలు ఆ ఎడంచెయ్యి పిల్ల చేతిని కంచం నుంచి నోటికి మోసింది. వదిలిన మరుక్షణం పిల్ల చెయ్యి అన్నం మీద వాలి అక్కడే ఉండిపోయేది. లక్ష్మీదుర్గ మెడ నరాలు పట్టేశాయి. కండక్టరు పిలిచినా మెలకువ రాక రెండుసార్లు తరవాతి స్టాపులో దిగి వెనక్కి నడిచింది. బేబి టీచర్ చూస్తూనే ఉంది.

ఆ తరవాత ఒక మంగళవారం పొద్దున బజారులో జెల్ల ఆమె ఎడంచేతిలోంచి జారింది. బూడిద రాసి మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ జారింది. కొనడానికొచ్చిన త్రిమూర్తులు గారు సంచీ పట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు.

“ఏంటమ్మా, చచ్చిన చేపేనా అది?”

“చచ్చిందేనండి బాబూ.”

“నాకైతే నీకంటే అదే హుషారుగా కనపడుతుంది.”

మూడోసారి చేప మురుగు కాలవలో పడింది. నవ్విన పెద్దమనిషి అప్పుడు నవ్వు ఆపి, వేరే కత్తిపీట దగ్గరికి వెళ్ళారు.

అదే మధ్యాహ్నం బడిలో ఉడికించిన గుడ్డు పెట్టారు. వినీల కంచంలో గుడ్డు దొర్లబోతే, పిల్ల ఐదు వేళ్ళూ దాని మీద వాలి, చితక్కుండా, కదలకుండా బిగించి పట్టుకున్నాయి. లక్ష్మీదుర్గ ఆ వేళ్ళను గుర్తుపట్టింది. బొటనవేలు మొప్పల దగ్గర, చిటికెన వేలు తోక వైపు. పదహారేళ్ళు కత్తిపీట ముందు తను పట్టిన పట్టు అది.

“ఎడంచెయ్యి తనకి వచ్చిందేగా ఇస్తుంది,” అంది బేబి టీచర్. “దానికి చేప పట్టుకోడం వచ్చు, ఇచ్చేసింది. నువ్వు దాన్ని ఎప్పుడైనా అన్నం తిననిచ్చావా?”

“ముందే చెప్పచ్చు కదండీ!”

“చెప్తే వినేదానివా? నేనూ మొదట్లో ఎడంచెయ్యే వేశానమ్మా. అందుకే నాకు చెంబు పట్టుకోడం రాదు. పట్టీలో రాయి. నాకైతే కలం పట్టుకోడం కూడా రాదు.”

లక్ష్మీదుర్గ రాసింది. ‘విడిచినది’ అన్న గడిలో ఆమె పేరు అదే మొదటిసారి.

ఇంట్లో చెబితే మొగుడు సత్తియ్య అల్లుతున్న వల పక్కన పెట్టాడు. నది పాయలో చేపల వేటకు వెళ్ళేవాడు, మాట తక్కువ మనిషి.

“ఆ బడి మానెయ్యి,” అన్నాడు.

“మానేసి? చేప నిలవని చేత్తో బజారులో ఏం కొయ్యను?”

“మరైతే?”

“ఇంకా మూడు వారాలుంది. ఆ పిల్ల తింటే ఉద్యోగం. తినకపోతే బజారూ లేదు, బడీ లేదు.”

సత్తియ్య మళ్ళీ వల అందుకున్నాడు. ఆమెకు ఏడుపు కూడా రాలేదు, నిద్ర వచ్చింది.

ఆ ఆదివారం ఆమె రొయ్యలు, చింతచిగురు కలిపి వండింది. ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి కంచం ముందు కూర్చుంది. ముద్ద ముద్దకూ ఆగి, ఏ వేలు ఏం చేస్తుందో చూసుకుంది. నాలుగు వేళ్ళూ కలిపేవి, బొటనవేలు నోట్లోకి తోసేది. ఇన్నేళ్ళుగా తింటున్నా అది ఆమె ఎప్పుడూ గమనించలేదు. కంచం ఖాళీ అయ్యాక వేళ్ళు ఒక్కొక్కటిగా నాకి, చెయ్యి కడుక్కుంది.

సోమవారం వినీల వెనక కూర్చుని కుడిచెయ్యి వేసింది.

ఏడు నెలల్లో రానిది పదమూడు రోజుల్లో వచ్చింది. వేళ్ళు వదిలింది, మణికట్టు వదిలింది. మోచెయ్యి వదిలిన రోజున వినీల పప్పన్నం ముద్ద కట్టి, సగం గౌను మీద పోసుకుని, సగం నోట్లో పెట్టుకుంది. నమిలింది. మళ్ళీ కంచంలోకి వంగింది. ఆ మధ్యాహ్నం లక్ష్మీదుర్గ తన డబ్బా తెరిచి దాని ముందు కూర్చుంది. చేతిని అన్నంలో పెట్టింది. అది అక్కడే ఉండిపోయింది. కాసేపు చూసి మూత పెట్టేసింది.

పరీక్షకు జిల్లా నుంచి గణేష్‌బాబు గారని ఒక అధికారి వచ్చాడు. నాలుగు బడులు చూసి వచ్చిన అలసటతో కుర్చీలో కూలబడి, ఫారం తీశాడు. ఆశాజ్యోతి గుమ్మం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. వినీల పదకొండు ముద్దలు తింది. గుడ్డు దొర్లబోతే పట్టుకుంది.

“ఈ పట్టు భలేగుందే! ఇదీ మీరే నేర్పారా?” అన్నాడు అధికారి.

“అది పొరపాటున వచ్చిందండి.”

“పొరపాట్లకి ఫారంలో గడి లేదమ్మా. నేర్పారనే రాస్తున్నాను. ఇక్కడ సంతకం పెట్టండి.”

సంతకం ఇంకా ఆమె చేతిలోనే ఉంది. పెట్టింది.

ఆశాజ్యోతి లోపలికి వచ్చి లక్ష్మీదుర్గ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. “రేపట్నించి నాట్లకి పోతానమ్మగారూ. అవతల గట్టుకి కూడా రమ్మన్నారు,” అంది. ఆ చేతులు అమ్మగారివి కావు, చేపలు కోసినవి. అయినా లక్ష్మీదుర్గ వెనక్కి లాక్కోలేదు.

ఆర్డరు ఆ నెలలోనే వచ్చింది. అదే బడికి, ఖాయం సహాయకురాలిగా. పొద్దు వాలే వేళ ఆమె ఇంటికి చేరేసరికి సత్తియ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఇన్ని రోజులూ పక్కింటి పెద్దింట్లమ్మ వచ్చి ఆమెకు తినిపించి వెళ్ళేది. ఆ సాయంత్రం ఆవిడ అన్నవరం కొండకు వెళ్ళింది.

అతను లోపలికి వెళ్ళి కంచం తెచ్చాడు. పులుసు పోసి కలిపాడు. క్రికెట్ బంతి అంత ముద్ద ఒకటి తీసి ఆమె నోటి ముందు పెట్టాడు.

“అదేంటి? నేనేమన్నా గేదెనా?”

“మరి ఎంత?”

“అందులో మూడో వంతు. ముల్లు చూసుకో. చెయ్యి కింద రెండో చెయ్యి పెట్టు, పడిపోద్ది.”

మొదటిది ఆమె గడ్డం మీద పడింది. రెండోదాంట్లో ముల్లు వచ్చింది. మూడోదానికి పులుసు ఎక్కువైంది. ఆమె అతని చెయ్యి పట్టుకోలేదు; పట్టుకుని ఇవ్వడానికి తన చేతిలో ఇంక ఏమీ లేదు. నోటితోనే చెప్పింది, అతను ఒలకబోసుకుంటూనే విన్నాడు. ఆరో ముద్ద సరిగ్గా వచ్చింది.

“వచ్చేసిందా?” అన్నాడు.

“రాలేదు. ఇంకోటి పెట్టు,” అంది లక్ష్మీదుర్గ, నములుతూ.