పాస్‌వర్డ్ కొట్టక ముందే

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తను పక్కన లేని వేళ పాపకు మళ్లీ ఫిట్స్ వచ్చి, పక్కకు తిప్పి పడుకోబెట్టే చెయ్యి ఆ గదిలో లేకపోవడం.

ఒకసారి వచ్చింది. జ్వరంలో కళ్లు తేలేసి, పిడికిళ్లు బిగించి, పెదాలు నీలంగా మారాయి. "జ్వరం వస్తే మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు. ఒంటరిగా మాత్రం వదలకండి," అంది డాక్టరమ్మ. ఆ "రావచ్చు" ఆమెను వదల్లేదు. కానీ ఇల్లు గడవాలంటే బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడక తప్పదు. భర్త సరుకుల వ్యాను నడుపుతాడు, పగలంతా రోడ్ల మీదే. ఫిట్స్ మాట చెవిన పడగానే పిల్లల్ని చూసుకునే కేంద్రం వాళ్లు చేతులెత్తేశారు. ఇక మిగిలింది అత్తగారు. పాపను ఆవిడకు అప్పగించి, ప్రాణం ఇంట్లో పెట్టి, ఒళ్లు మాత్రం పనికి తీసుకెళ్లేది ఆమె.

ఆ అవస్థ చూడలేక మరిది ఓ పాత కంప్యూటర్ తెచ్చాడు. అందులో లినక్స్ ఎక్కించి, పాప మంచానికి ఎదురుగా బీరువా మీద పెట్టి, చిన్న కెమెరా తగిలించాడు. ఇస్త్రీ బల్ల దగ్గర ఫోన్ తెరిస్తే చాలు, పాప కనిపిస్తుంది.

"ముగ్గుర్ని పెంచాను. నా మీద ఎవరూ కాపలా పెట్టలేదు," అంది అత్తగారు కెమెరాకేసి చూస్తూ.

"మీ మీద కాదు అత్తయ్యా, పాప కోసం."

"పాప పక్కన కూర్చునేది నేనేగా. మరి నా మీద కాక?"

ఆమె పాప దుప్పటి సర్ది పనికి బయల్దేరింది.

కొన్నాళ్లకే చిక్కు మొదలైంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్‌లో చిత్రం మాయమయ్యేది. ఇక సాయంత్రం దాకా నల్లటి తెరే. ఫోన్ చేస్తే అత్తగారిది ఒకటే మాట: "కరెంటు పోయి వచ్చింది అమ్మాయ్. నీ డబ్బాలో దీపం వెలుగుతూనే ఉంది. అంతకంటే నాకేం తెలుసు?" ఇంటికెళ్లి చూస్తే నిజంగానే కంప్యూటర్ వెలుగుతూ, పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుని ఉండేది. ఆమె పాస్‌వర్డ్ కొట్టాకే వైఫై అందుకునేది.

సెలవు రోజున మరిది వచ్చి, సెట్టింగులు తెరిచి, పకపకా నవ్వాడు.

"వదినా, కెమెరా తప్పేం లేదు. మిషన్ లేవగానే అదీ లేస్తుంది. వైఫై పాస్‌వర్డే దానికి దొరకట్లేదు. నువ్వు దాన్ని నీ ఖాతాలో దాచేశావు. నువ్వొచ్చి లాగిన్ అయితే గానీ బయటికి రాదు."

ఆమెకు గుర్తొచ్చింది. మొదటిరోజు వైఫై కలిపినప్పుడు, ఈ కనెక్షన్ మిగతా యూజర్లకు కూడా ఉండాలన్న చోట టిక్కు తనే తీసేసింది. ఎవరి చేతికైనా చిక్కి పాపను చూస్తారేమోనని.

"అంటే తాళం వేసి, చెవి సంచిలో వేసుకుని పనికి పోయి, తలుపు తెరుచుకోవట్లేదని ఏడ్చావన్నమాట."

"ఎకసెక్కాలు చాలు. ఎక్కడో చూపించు, నేనే చేస్తాను."

"తొమ్మిదో క్లాసులో ఆగినదానివి, చేయగలవా?"

"డిగ్రీ తప్పినవాడివి నువ్వు చేయగా లేనిది! చూపించు."

ఆమె టిక్కు పెట్టింది. వైఫై పాస్‌వర్డ్ మళ్లీ కొట్టి భద్రం చేసింది. కంప్యూటర్‌ను ఆపి, తిరిగి వేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. తెర మీద ఖాళీ లాగిన్ గడి పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంది. ఫోన్‌లో మాత్రం పాప తన మేజోడు నములుతూ కనిపించింది! ఆమెకు ఎన్నాళ్లకో నిండుగా ఊపిరి అందింది.

"అయ్యాయా మీ రిపేర్లు?" అంది అత్తగారు వంటింట్లోంచి. ఏం మారిందని ఆవిడ అడగలేదు, వీళ్లూ చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం చొక్కా కాలరు మీద ఇస్త్రీ పెట్టె నడుస్తుండగా చిత్రం పోయింది. కాసేపటికి దానంతటదే తిరిగొచ్చింది. ఆమె మొహంలో వెలుగు వచ్చినట్టే వచ్చి ఆరిపోయింది. ఫోన్‌లో అత్తగారు అద్దం ముందు జుట్టు సవరించుకుంటోంది. భుజాన సంచి ఉంది. నిద్రపోతున్న పాపను ఒకసారి చూసి, తలుపు దగ్గరికి లాగి వెళ్లిపోయింది.

అప్పుడు అర్థమైంది ఆమెకు. కరెంటు ఏ రోజూ పోలేదు. స్విచ్ ఆపి వేస్తే సాయంత్రం దాకా ఆ కన్ను తెరుచుకోదని ఆవిడ ఎప్పుడో కనిపెట్టింది.

"ఎక్కడున్నారు అత్తయ్యా?" అంది వెంటనే ఫోన్ చేసి.

"ఎక్కడుంటాను? పాప పక్కనే. కరెంటు పోయి వచ్చింది, నీ డబ్బా..." మాట వెనక బస్సు హారన్ మోగింది.

భర్తకు చేసింది. "అమ్మ అలా ఎందుకు చేస్తుంది? అది నిన్నటి వీడియో అయ్యుంటుంది. అనుమానంతో చంపేస్తున్నావే," అని పెట్టేశాడు. ఎదురింటివాళ్లకు చేద్దామంటే నంబరు లేదు. పాపకు ఎవరి కన్ను తగులుతుందోనని ఆ తలుపుకేసి ఆమె ఏనాడూ పలకరింపుగా చూసింది లేదు.

సూపర్‌వైజరు అరుస్తుండగానే బయటపడి పరుగెత్తింది. ఇల్లు చేరేసరికి పాప నిద్రలోనే ఉంది. ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి, వెచ్చటి గాలి తగిలాక మంచం పక్కనే కూర్చుంది. చాలాసేపటికి అత్తగారు వచ్చి, కోడల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మా అమ్మాయి ఇంటికెళ్లాను. ఏం, ఖైదీనా నేను? ఆ కన్ను ముందు ముక్కు గోక్కోవాలన్నా భయమేస్తోంది."

"పాపకి ఏమైనా అయ్యుంటే?"

"అవలేదుగా!"

రాత్రి అన్నం దగ్గర భర్త కూడా అదే మాట అన్నాడు. అవలేదుగా.

తెల్లారితే పని. పాపను వదలడానికి ఇంకో ఒడి లేదు. ఆమె అత్తగారికే అప్పగించి వెళ్లింది.

ఇప్పుడు నెట్‌వర్క్ తెగదు. ఎవరూ లాగిన్ కాకపోయినా కలుస్తుంది. భోజనాలయ్యాక మాత్రం ఫోన్‌లో తువ్వాలు చారలు కనిపిస్తాయి, కెమెరా మీద కప్పినవి. వాటి వెనక ఏముందో ఇస్త్రీ బల్ల దగ్గరి మనిషికి తెలియదు.

మీ మెట్ల పక్కన అలాంటి తలుపు ఉంటే, తల్లి పనికి వెళ్లిందని మీకు తెలిస్తే, మధ్యాహ్నం ఒక్కసారి తట్టండి. పలకకపోతే ఇంకోసారి తట్టండి. పాప పక్కన మనిషి ఉందో లేదో చూడండి.