కారు లోపలి మాటలు

అనఘ ఫోన్ చేసి హైమను నిలదీసింది.

"సినిమా మధ్యలో వదిలేస్తున్నానని మీకొక్కరికే చెప్పానండీ. అదీ మీ కార్లో. ప్రొడ్యూసర్‌కి ఎలా తెలిసింది?"

అనఘ ఆ సినిమాకు హీరోయిన్. హైమ కాస్ట్యూమ్ డిజైనర్. ఫిల్మ్‌నగర్‌లో ఫిటింగ్ అయ్యాక ఇంటి దగ్గర దింపుతుంటే ఆ అమ్మాయి దారిపొడుగునా ఏడ్చింది, హైమ ఓదార్చింది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. మరి ఎవరు మోసినట్టు? కార్లో ఉన్న మూడో మనిషి డ్రైవర్ భిక్షం ఒక్కడే.

మర్నాడు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర సిగ్నల్ పడ్డప్పుడు, అద్దంలో అతని ముఖం చూస్తూ అడిగింది.

"అనఘ గారి సంగతి ఎవరి దగ్గరైనా అన్నావా భిక్షం?"

అతను పలకలేదు. హైమ అనుమానం ఇంకా బలపడింది. సిగ్నల్ దాటాక బండి పక్కకు తీసి ఆపాడు. తను దిగి, ఆమెనూ దిగమని సైగ చేశాడు. తలుపులు మూశాకే నోరు విప్పాడు.

"నేనేం చెప్పలే మేడం. బండ్ల కూసొని మాట్లాడుడే బంద్ జేసిన. మొన్న బండ్లనే మా ఇంటిదానితోని ఫోన్ల లొల్లి అయింది. తెల్లారి మౌళి సార్ అడిగిండు, ఇంట్ల ఏమైంది భిక్షం అని. నేనైతే సార్‌కి చెప్పలే."

హైమ కారు ముందద్దానికి ఉన్న కెమెరా వైపు చూసింది. ఒకసారి ఎవరో బైకుతో గుద్ది తప్పు కారుదేనని ఎదురు తిరిగితే, ఆమె భర్త మౌళి పెట్టించిన డాష్‌క్యామ్ అది. రోడ్డునే చూస్తుందనుకుంది. దగ్గరికెళ్లి చూస్తే సీట్ల వైపు ఇంకో చిన్న లెన్స్ ఉంది.

తెలిసిన లాయర్ శారదాదేవికి ఫోన్ చేసింది.

"రోడ్డును రికార్డు చేసుకోవడం తప్పు కాదమ్మా. డ్రైవర్ చూపుకి అడ్డం రాకుండా ఉంటే చాలు. కానీ లోపల కూర్చున్నవాళ్ల మాటలు వాళ్లకు చెప్పకుండా వినడం వేరే సంగతి. సొంత కారైనా ఎవరి గోప్యత వాళ్లదే. ఆ అమ్మాయి కోర్టుకెళితే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. కారు ఎవరి పేరున ఉంది?"

హైమ పేరునే ఉంది.

మౌళి కెమెరామన్. సాయంత్రం అతను ఇంటికి రాగానే అడిగింది.

"కార్లో మాటలు మీ ఫోన్‌కి వస్తాయా?"

"డ్రైవర్ మీద ఓ కన్నుండాలని పెట్టించాను."

"అనఘ డ్రైవర్ కాదుగా."

"సినిమా ఆగితే నీ పనీ పోతుంది. అందుకే ప్రొడ్యూసర్ చెవిన వేశాను. తర్వాతి సినిమాకి నన్నే పెట్టుకుంటానన్నాడు కూడా." నోరు జారానని అతనికి ఆలస్యంగా తెలిసింది.

"నా మాటలు ఎన్నాళ్లుగా వింటున్నారు?"

"నీవి వినాలని కాదు" అన్నాడు మౌళి. వినలేదని మాత్రం అనలేదు.

పొద్దున్నే హైమ ఆ కెమెరా బిగించిన దుకాణానికి వెళ్లి లోపలి లెన్సూ మైకూ తీయించి, కారు జాడనూ మాటలనూ మౌళి ఫోన్‌కి చేరవేసే లంకె తెంపించింది.

"నిన్ను అనుమానించాను. ఏమనుకోకు" అంది భిక్షంతో.

"ఫికర్ లేదు మేడం" అన్నాడు గానీ ఆమె ముఖంలోకి చూడలేదు.

అక్కణ్ణుంచి నేరుగా అనఘ ఇంటికెళ్లి, భర్త పేరు దాచకుండా అంతా చెప్పింది.

"మీరు చెప్పలేదని నమ్ముతానండీ. కానీ ఈ సినిమాలో ఉన్నన్నాళ్లూ ఫిటింగ్‌కి ఇంకెవరినైనా పంపండి" అంది అనఘ.

హైమ వచ్చి కార్లో కూర్చునేసరికి మౌళి ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావ్?"

ఎన్నాళ్లకో అతను ఆ ప్రశ్న నిజంగా తెలియక అడుగుతున్నాడనిపించింది. జవాబు చెప్పకుండానే ఫోన్ పెట్టేసింది.