మెట్లు ఏ మండలం?

నేను ఒక స్టీలు టిఫిన్ డబ్బాని, బయటి నుంచి చూస్తే. మూత మీద "బి. సత్తెమ్మ" అని చుక్కలు చుక్కలుగా పేరు కూడా చెక్కి ఉంటుంది. ఆ సత్తెమ్మ ఎవరో నాకు తెలియదు. రేడియోలు బాగుచేసే గౌస్ భాయ్ నన్ను పాత సామాన్ల కొట్లో కొని, లోపల అన్నానికి బదులు ఒక టైమరు చిప్పు, ఒక రిలే, చెడిపోయిన స్టెబిలైజర్ నుంచి పీకిన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాడు.

నా ఉద్యోగం నిశ్శబ్దాన్ని పట్టుకోవడం. మా స్టేషన్ నుంచి పన్నెండు సెకన్లు ఏ చప్పుడూ వెళ్లకపోతే, టక్కుమని పక్కనున్న టేపు రికార్డర్‌ని ఆన్ చేస్తాను. అందులో ఎప్పుడూ ఒకటే క్యాసెట్, పెళ్లి సన్నాయి. అందరూ నన్ను సత్తెమ్మ అనే పిలిచేవారు.

మాది మగ్గాల ఊరు. డిగ్రీ కాలేజీ సొసైటీ వాళ్లు లైబ్రరీ మీద గదిలో, పది కిలోమీటర్లు దాటి పోని ఈ చిన్న రేడియో స్టేషన్ పెట్టారు. మూతపడ్డ సినిమా హాలు వాళ్లు ఇంటర్వెల్‌లో వేసే రికార్డులన్నీ ఇచ్చేశారు. దాంతో మాది పాత పాటల స్టేషన్ అయింది. అదేదో గొప్ప ఆశయం అనుకున్నారు జనం. మా దగ్గర ఉన్నవి అవే మరి.

మొదటి వారంలోనే అనౌన్సర్ రాలేదు. కిటికీలు వేయడానికి పైకొచ్చిన లైబ్రరీ అటెండర్ యశోదక్కని మైకు ముందు కూర్చోబెట్టారు. పదకొండేళ్లు లేవలేదు ఆమె.

మంచి రోజులూ చూశాను. ఒకసారి ఓ నేతన్న పోయాడని చెప్పి, యశోదక్క ఒక్క నిమిషం మౌనం పాటించమంది. మౌనం గురించి నాకెవరూ చెప్పలేదు. పన్నెండో సెకనుకి పెళ్లి సన్నాయి మోగించాను. అందరూ తలలు పట్టుకున్నారు. కాసేపటికి ఆయన భార్యే ఫోన్ చేసింది. "మంచిగైంది యశోదక్కా. ఆయనకు సన్నాయంటె పానం" అంది.

తర్వాత చేతి మగ్గాలు పోయి పవర్‌లూములు వచ్చాయి. ఆ మోతలో పాట వినాలంటే చెవిలో పెట్టుకోవాలి. చెవిలో పెట్టుకోవడానికి అందరి దగ్గరా ఫోన్లున్నాయి. మాకు ఉత్తరాలు ఆగిపోయాయి. ఆ తర్వాత ఫోన్లు.

ఒక సోమవారం సొసైటీ సెక్రటరీ నరహరి సార్ ఒక రిజిస్టర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో రెండే గడులు: పేరు, ఊరు.

"లైసెన్సు గడువు దగ్గరకొచ్చింది యశోదమ్మా. ఫోన్ చేసినోళ్లను ఇందుల రాయి. శనారం చూస్త. వినేటోళ్లే లేకుంటె ఈ గదిల కంప్యూటర్ క్లాసులు పెడతం."

బుధవారం దాకా ఒక్క పేరూ పడలేదు. గురువారం పొద్దున యశోదక్కకి ఒక ఆలోచన వచ్చింది.

"పాట వస్తుంటె ఎవలు చేస్తరు భాయ్? బంద్ చేద్దాం. కరెంటు పోతేనే గద ఫ్యాను యాదికొచ్చేది."

"మరి సత్తెమ్మ ఊకుంటదా?" అన్నాడు గౌస్ భాయ్.

"దాని వైరు పీకు."

నాకూ టేపు రికార్డర్‌కీ మధ్య ఉన్న వైరు పీకాడు. చరణం మధ్యలో పాట ఆపేసింది యశోదక్క. పన్నెండు సెకన్లకి నేను టక్కుమన్నాను. ఏమీ మోగలేదు. నా జీవితంలో నేను విన్న అసలైన నిశ్శబ్దం అదే. నాలుగు నిమిషాలకి ఆమె ఫోన్‌ని దగ్గరికి జరుపుకుంది. పావుగంటకి గౌస్ భాయ్ తుడిచిన రికార్డులే మళ్లీ తుడిచాడు. అరగంటకి రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది చచ్చిపోయి ఉంటే బాగుండునని అతనికి ఉన్నట్టుంది. కానీ అది కుయ్యిమంటూ నిక్షేపంగా పనిచేస్తోంది. మెల్లగా పెట్టేశాడు.

నలభయ్యో నిమిషంలో మోగింది. యశోదక్క గొంతు సవరించుకుని ఎత్తింది.

"కంప్యూటర్ క్లాసులకు అడ్మిషన్లు షురువైనయా మేడం?"

"ఇంక కాలేదు బిడ్డా" అని పెట్టేసింది.

"చాయ్ తెస్త" అంటూ గౌస్ భాయ్ బయటికి వెళ్లాడు. నిమిషంలో ఫోన్ మళ్లీ మోగింది.

"హలో. ఏమైందమ్మా, పాట వస్తలేదు?"

ఆ గొంతు ఫోన్లోంచీ వచ్చింది, తలుపు అవతల నుంచీ వచ్చింది. తలుపు సందులోంచి చూస్తే, మెట్ల మీద వీపు తిప్పి కూర్చున్న మనిషి కనిపిస్తున్నాడు. యశోదక్క చూసింది. ఫోన్ పెట్టలేదు.

"చిన్న రిపేరన్నా. మా దగ్గర మెకానిక్ ఉన్నడు, మంచోడే, చేస్తుండు. నీ పేరు?"

"రోజు వినేటోణ్ని."

"ఏ ఊరు?"

రేడియోలో లేని ఫ్రీక్వెన్సీ చెప్పమన్నా చెప్పేవాడేమో కానీ, లేని ఊరు చెప్పడం అతనికి చేతకాలేదు. "గీడనే, దగ్గర్లనే" అన్నాడు.

ఆమె పాటను ఆగిన చరణం దగ్గర నుంచే మళ్లీ వేసింది. రిజిస్టర్లో పేరు గడిలో "రోజూ వినే అతను" అనీ, ఊరు గడిలో "మెట్లు" అనీ రాసింది. అబద్ధం రాయలేదు.

శనివారం నరహరి సార్ రిజిస్టర్ తెరిచాడు. ఆ ఒక్క వరుస మీద వేలు పెట్టాడు.

"ఈ మెట్లు ఏ మండలమమ్మా?"

"మన మండలమే సార్. బాగ దగ్గర" అన్నాడు గౌస్ భాయ్.

"దగ్గరున్నోనికి వినపడుడు గొప్పనా?" అంటూ ఆయన కింద సంతకం పెట్టి, గది తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

అది లైబ్రరీ తాళాల గుత్తిలో ఉంది. యశోదక్క గోళ్లతో ఎంత లాగినా రింగు విడలేదు. గౌస్ భాయ్ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, గుత్తి అందుకుని, రింగు విడదీసి పెట్టాడు.